ఈత వచ్చినవారు, పలక పట్టుకున్నవారు



ఈ వారం సముద్రంలో ఈదేవారి గూర్చి కొంచెం ధ్యానించుకుందాము. కలకడలో కూర్చుని సముద్రం గూర్చి ఏం రాస్తారయ్యా అని మీరు నవ్వవచ్చు. నిజమే. మన ఊరి నుండి తూర్పుగా గీత గీసినట్టు పోయినా సముద్రం 140 కిలోమీటర్లకు తక్కువ లేదు. మనకు తెలిసినవి చెరువు నీళ్లు, బావి నీళ్లు, ఇప్పుడైతే వెయ్యి అడుగుల కింద నుండి వచ్చే బోరు నీళ్లు. మన పెద్దలు ఈత నేర్చుకున్నది కపిల బావుల్లో. నడుముకు బెండ్లు కట్టి, పైనుండి తోసేవారు. మునిగి, తేలి, నీళ్లు మింగి, నాలుగు రోజులకు ఈత వచ్చేది. బావి ఈతలో ఒక ధైర్యం ఉంది. ఎటు చూసినా గట్టు కనబడుతుంది. చేతులు అలసిపోతే రాతిమెట్టు పట్టుకుని నిలబడవచ్చు. సముద్రంలో ఆ మెట్టు లేదు. జీవితంలో కొన్ని కాలాలు అలాంటివే కనుక ఈ ధ్యానం.

మన తెలుగువారిలో గోలి శ్యామల గారు అనే ఆమె ఉన్నారు. సామర్లకోట ప్రాంతం ఆమెది, హైదరాబాదులో స్థిరపడ్డారు. చిన్ననాటి నుండి ఈతలో పెరిగిన మనిషి కాదు. నడివయసులో, నీళ్లంటే ఉన్న భయం పోగొట్టుకోవాలని ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో ఆమె శ్రీలంకలోని తలైమన్నార్ దగ్గర నీటిలో దిగి, పాక్ జలసంధి దాటి, రామేశ్వరం పక్కనున్న ధనుష్కోటి చేరారు. సుమారు 30 కిలోమీటర్లు. అంటే మన ఊరి నుండి రాయచోటికి ఉన్నంత దూరం, కొంచెం అటూ ఇటూ. 13 గంటల 43 నిమిషాలు పట్టింది. ఆ తరువాత 2024 డిసెంబరు చివరిలో, 52 ఏళ్ల వయసులో, విశాఖపట్నం ఆర్కే బీచ్ దగ్గర దిగి, రోజుకు కొంత దూరం చొప్పున ఈదుతూ 2025 జనవరి మొదటి వారంలో కాకినాడ తీరం చేరారు. ఆ దూరం 150 కిలోమీటర్లు. మన ఊరికీ సముద్రానికీ మధ్య ఎంత దూరముందో అంత దూరం ఆమె సముద్రంలోనే ఈదారన్నమాట. విజయవాడలో పోలీసు ఉద్యోగం చేసే తులసీ చైతన్య గారు కూడా 2022లో ఇంగ్లిష్ ఛానెల్ ఈదారు.

ఇంత దూరం ఎలా ఈదుతారు? బలం వల్లనే అని మనం అనుకుంటాము. బలం కావలసిందే. కానీ సముద్రంలో ఈదేవారి పద్ధతులు గమనిస్తే, బలం కన్నా ముందు నిలిచే సంగతులు కొన్ని కనబడతాయి.

మొదటిది, ఈదేవారికి ఒడ్డు కనబడదు. నీటిలో పడుకుని ఈదుతున్నప్పుడు తల నీటి మీద జానెడు ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుండి చూస్తే, సముద్రం అద్దంలా ఉన్నా నీటి మీద ఒకటిన్నర, రెండు కిలోమీటర్లకు మించి చూపు ఆనదు. ఇక గాలి లేచి అలలు పైకి వస్తే అదీ లేదు. ఎదుట ఒక అల, అది దిగితే ఇంకొక అల, అంతే ప్రపంచం. అందుకే ప్రతి పెద్ద ఈతలోను పక్కన ఒక పడవ నడుస్తుంది. ఈదేవారు ఊపిరి తీసుకోవడానికి తల పక్కకు తిప్పినప్పుడల్లా చూసేది ఆ పడవనే. ఒడ్డు ఎటున్నదో పడవ నడిపేవారికి తెలుసు. ఈదేవారికి పడవ ఎటున్నదో తెలిస్తే చాలు.

రెండవది, సముద్రం నిలకడగా ఉండదు. ఇంగ్లాండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న ఇంగ్లిష్ ఛానెల్ అతి సన్నగా ఉన్నచోట వెడల్పు 33, 34 కిలోమీటర్లు. కానీ అక్కడ ఆటుపోట్ల ప్రవాహం సుమారు ఆరు గంటలకొకసారి దిశ మారుస్తుంది. ఒకసారి ఇటు ఈడుస్తుంది, మరొకసారి అటు ఈడుస్తుంది. అందుకని ఎవరి దారీ తిన్నగా ఉండదు. పటం మీద గీస్తే పాము మెలికలా కనబడుతుంది. ఈదే మనిషికి మాత్రం, ఇంత సేపు చేతులు ఆడించినా ఎక్కడున్నానో అక్కడే ఉన్నాననిపిస్తుంది. పడవ నడిపేవారు ఆ పోటును ముందే లెక్కగట్టి ఉంటారు. పక్కకు కొట్టుకుపోయిన గంటలు కూడా ఆ లెక్కలో ఉన్నవే.

మూడవది, అలతో పోట్లాడరు. అల ఏ వైపు నుండి కొడుతున్నదో చూసి, రెండవ వైపుకు తల తిప్పి ఊపిరి తీసుకుంటారు. అల మీదికి వస్తే దానితోపాటు లేస్తారు, దానితోపాటు దిగుతారు. అరగంటకో, ముప్పావు గంటకో ఒకసారి ఆగుతారు. పడవలో నుండి కర్రకో తాడుకో కట్టి తాగడానికి, తినడానికి అందిస్తారు. నీటిలోనే తేలుతూ నాలుగు గుక్కలు తాగి మళ్లీ బయలుదేరతారు. ఉప్పునీటికి నాలుక వాచిపోతుంది. జెల్లీఫిష్ తగిలితే ఒళ్లు మండిపోతుంది. ఇంకెంత దూరం అని అడగడం చాలామంది మానుకుంటారు. వచ్చే గుక్క దాకా ఈదడం, మళ్లీ వచ్చే గుక్క దాకా ఈదడం, అంతే.

ఇక నాలుగవ సంగతి ఉంది. ఇది మనలను ఆలోచింపజేస్తుంది. ఈ ఈతలకు ఒక నియమం ఉంది. ఒడ్డు విడిచిన తరువాత, అవతలి ఒడ్డు ఎక్కేవరకు పడవను ముట్టుకోకూడదు, పడవలోని మనిషినీ ముట్టుకోకూడదు. చెయ్యి తగిలిందంటే ఈత అక్కడితో అయిపోయినట్టే. పడవ చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంటుంది. రాత్రంతా దీపం వెలుగుతుంది. అయినా ముట్టుకోరు.

ఈ నియమం గూర్చి చదువుతున్నప్పుడు మన సంఘంలోని ఒక కుటుంబం మా మనసులో మెదిలింది. వారి పేర్లు రాయము. టమోటా పెట్టే కుటుంబం. టమోటా సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో దాదాపు 200 రూపాయలు పలికిన పంట అది. అదే పంటను, కోత కూలి కూడా రాదని తోటలోనే వదిలేసిన సంవత్సరాలూ మనమే చూశాము. పోటు వచ్చేది తెలియదు, తీసేది తెలియదు. ఈ కుటుంబం వేయించిన రెండు బోర్లలో నీళ్లు పడలేదు. పడిన మూడవదీ వేసవికి ఎండిపోయింది. పంట వచ్చేనాటికి ధర లేదు. అప్పు మీద అప్పు. ఆ సహోదరుడు రెండు నెలలు ఆరాధనకు రాలేదు. మేము ఇంటికి వెళ్లినప్పుడు ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నారు, ఏమీ మాట్లాడలేదు. ఆయన భార్య అడిగింది.

"అయ్యగారూ, ప్రభువు పక్కనే ఉండాడని ప్రతి ఆదివారం చెప్తా ఉండారు గదా. పక్కనే ఉంటే, మేము మునిగిపోతా ఉంటే చెయ్యి ఎందుకియ్యడయ్యా?"

వాక్యం తెరిచి గబగబా జవాబు చెప్పదగిన ప్రశ్న కాదది. ఆ దినాన మేమూ వారితోపాటు మౌనంగా కూర్చున్నాము. ఇప్పుడు రాస్తున్నది ఆమె కోసమే. ఆమె వంటివారు మన మధ్య ఇంకా ఉన్నారని కూడా మాకు తెలుసు.

పడవ ఈదేవారిని ఎత్తుకోదు, నిజమే. కానీ 13 గంటలు ఒక మనిషి నీటిలో ప్రాణాలతో ఉన్నదంటే అందులో ప్రతి గంటా పడవ నుండి వచ్చినదే. దిశ అక్కడి నుండి వచ్చింది. తాగే నీళ్లు అక్కడి నుండి వచ్చాయి. చేతులు వేసే తీరు మారినా, పెదవులు నీలం తిరిగినా కనిపెట్టే కళ్లు అక్కడ ఉన్నాయి. ఎత్తుకోలేదు కనుక తోడు లేదనడానికి వీలు లేదు. ప్రియులారా, ఆ రెండు నెలల్లో ఆ ఇంటికి పాలు పోసిన పొరుగింటి అక్క, పిల్లవాడి ఫీజుకు గడువిచ్చిన మాస్టారు, ఊరికే వచ్చి అరుగు మీద కూర్చుని పోయిన ముసలాయన, వీరంతా ఎవరి చేతి కర్రకు కట్టి పంపిన గుక్కలో మనము ఆలోచించాలి.

అయితే ఈ పోలిక ఇంతవరకే. దీన్ని దాటి సాగదీస్తే అపాయం. ముట్టుకోకూడదనే నియమం రికార్డు కోసం పెట్టుకున్నది. మన ప్రభువు చేతిలో గడియారం పట్టుకుని కూర్చున్న న్యాయనిర్ణేత కాడు. నీటి మీద నడవబోయి గాలిని చూసి భయపడి మునిగిపోతున్న పేతురు కేక వేసినప్పుడు ఏం జరిగిందో మత్తయి సువార్త 14వ అధ్యాయంలో చదవండి. ప్రభువు వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు. అల్పవిశ్వాసం గూర్చిన మాట పట్టుకున్న తరువాత వచ్చినది. ముందు చెయ్యి, తరువాత మాట. మనము కొన్నిసార్లు దీన్ని తిరగేస్తాము. మునిగేవాడికి ముందు ప్రసంగం చేస్తాము.

ఆ సహోదరుడు చివరికి నోరు తెరిచి చెప్పినది ఇది. "అప్పుల సంగతి సంఘంలో చెప్పుకుంటే, వీడికి విశ్వాసం లేదనుకుంటారేమో అని ఊరుకున్నానయ్యా." పడవను ముట్టుకుంటే ఓడిపోయినట్టేనని ఆయన అనుకున్నాడు. ఆయన ఒక్కడే కాదు, మన పల్లెల్లో మగవారు చాలామంది అలాగే అనుకుంటారు. చెయ్యెత్తితే పరువు పోతుందని, ఎత్తకుండానే మునిగిపోతారు.

ఇక్కడ మనకు ఆరతి సాహా అనే బెంగాలీ అమ్మాయి చరిత్ర ఉపయోగపడుతుంది. 1959 ఆగస్టు 27న ఆమె ఇంగ్లిష్ ఛానెల్ ఈదడానికి దిగింది. గంటల తరబడి ఈది, ఇంగ్లాండు తీరానికి కొద్ది మైళ్ల దూరం దాకా వచ్చింది. అక్కడ ఎదురు ప్రవాహం పట్టుకుంది. ఎంత ఈదినా ముందుకు సాగలేదు. పడవ ఎక్కక తప్పలేదు. అప్పటికి ఆమెకు ఇంకా 19 ఏళ్లు నిండలేదు. ఎంత ఏడ్చి ఉంటుందో! కానీ పడవ ఎక్కింది గనుక బ్రతికింది. బ్రతికింది గనుక మళ్లీ దిగింది. నెల తరువాత, సెప్టెంబరు 29న, 16 గంటల 20 నిమిషాలు ఈది అవతలి ఒడ్డు చేరింది. ఛానెల్ ఈదిన మొదటి ఆసియా మహిళ ఆమెయే. ఆగస్టులో పడవ ఎక్కనని మొండికేసి ఉంటే సెప్టెంబరు వచ్చేదే కాదు.

ఇప్పుడు బైబిలు తీసి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదవండి. అల్లకల్లోలమైన సముద్రంలో ఈత గూర్చి వాక్యంలో ఉన్న పెద్ద సాక్ష్యం అది. పౌలు ఖైదీగా రోమాకు వెళుతున్నాడు. ఓడలో 276 మంది. పద్నాలుగు రాత్రులు తుఫాను. సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. చివరికి ఓడ ముందు భాగం ఇసుకలో కూరుకుపోయి, వెనక భాగం అలల దెబ్బకు బద్దలవుతున్నది. అప్పుడు శతాధిపతి రెండు మాటలు ఆజ్ఞాపించాడు. ఈత వచ్చినవారు ముందు దూకండి. రానివారు పలకల మీద, ఓడ చెక్కల మీద తేలుతూ రండి. ఒక్కరూ తప్పకుండా అందరూ ఒడ్డు చేరారు.

ఈత వచ్చినవారికి ఎక్కువ రక్షణ, పలక పట్టుకున్నవారికి తక్కువ రక్షణ అని అక్కడ లేదు. ఒడ్డు మీద ఇసుకలో పడుకుని ఊపిరి పీలుస్తున్నప్పుడు ఎవరు ఈది వచ్చారు, ఎవరు చెక్క పట్టుకుని వచ్చారు అని లెక్క అడిగినవారు లేరు. మన బావుల్లో బెండ్లు కట్టుకుని నేర్చుకున్నవారికి ఇది బాగా అర్థమవుతుంది. బెండు కట్టుకోవడం సిగ్గు కాదు.

ఆ చెక్కలు ఎక్కడివో కూడా గమనించారా? ఏ ఓడ బద్దలైందో ఆ ఓడవే. వారిని మోస్తుందని నమ్మిన ఓడ పోయింది. పోయిన ఓడ ముక్కలే వారిని మోశాయి. ఆ సహోదరుని ఇంట్లో మేమూ సంఘ పెద్దలూ కలిసి కూర్చున్నప్పుడు ముందు ఒక కాగితం మీద అప్పులన్నీ రాశాము. తరువాత ఇంకొక కాగితం మీద, పోగా మిగిలినవి రాశాము. రెండు ఆవులు. చింత చెట్టు కింద అర ఎకరం. ఆమె చేతి కుట్టుమిషను. ఆమె పొదుపు సంఘంలో దాచిన కొంచెం డబ్బు. పెద్ద పిల్లవాడి చదువు. ఓడ కాదది, చెక్కలే. అప్పు ఇంకా తీరలేదు, ఆ మాట దాచము. వడ్డీకి ఇచ్చినాయన దగ్గరికి ఇద్దరు పెద్దలు తోడు వెళ్లి గడువు అడిగారు, ఆయన ఒప్పుకున్నాడు. ఆ సహోదరుడు మళ్లీ ఆరాధనకు వస్తున్నాడు, వెనక వరుసలో కూర్చుంటున్నాడు. అలలు తగ్గలేదు, చేతికి చెక్క దొరికింది.

ఇక ఈత వచ్చినవారి సంగతి. శతాధిపతి వారిని ముందు ఎందుకు దూకమన్నాడో వాక్యం చెప్పదు. ముందు ఒడ్డు చేరినవారు వెనుదిరిగి, చెక్కల మీద కొట్టుకొస్తున్నవారికి చెయ్యి అందించి ఉంటారని మాకు తోస్తుంది. సంఘంలో ఈ ఏడు పంట కలిసివచ్చినవారు, జీతం వచ్చేవారు, కువైట్ నుండి డబ్బు అందుకుంటున్నవారు ఈత వచ్చినవారే. మీరు ముందు చేరింది ముందు నిద్రపోవడానికి కాదు, నీటి వైపు తిరిగి నిలబడడానికి.

మెలితే ద్వీపంలో వాన కురుస్తూ చలి వేస్తుంటే అక్కడి జనులు నిప్పు రాజబెట్టి అందరినీ చేర్చుకున్నారని 28వ అధ్యాయంలో ఉంది. చల్లని నీటిలో ఈదినవారి శరీరం, ఒడ్డు ఎక్కిన తరువాత కూడా కాసేపు చల్లబడుతూనే ఉంటుంది. వణుకు అప్పుడే ఎక్కువవుతుంది. గనుక ఒడ్డు చేరాడు కదా అని వదిలేయకూడదు. గడువు దొరికింది కదా, ఆసుపత్రి నుండి వచ్చాడు కదా అని మనము వెళ్లిపోతే, నిప్పు రాజబెట్టేదెవరు?

రెండు మాటలు ఇంటి పెద్దలుగా చెప్పి ముగిస్తాము. మన పిల్లలు సెలవులకు మెరీనాకు, మైపాడుకు, సూర్యలంకకు, వేళాంగణ్ణికి పోతుంటారు. బావి ఈత వచ్చు కదా అని సముద్రంలో దిగవద్దు. కొన్నిచోట్ల తీరం నుండి లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. దానికి ఎదురు ఈది ఒడ్డుకు రాబోతే ఎంత బలవంతుడైనా అలసిపోతాడు. అందులో చిక్కితే భయపడకుండా తేలుతూ, చెయ్యెత్తి కేక వేయాలి. ఓపిక ఉంటే ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గినచోట ఒడ్డుకు తిరగాలి. ఇంకొకరు మునుగుతుంటే తాడో, ట్యూబో, ఖాళీ డబ్బానో విసరండి, ఈత రానివారు వెంట దూకవద్దు. మన పొలాల్లోని నీటి కుంటల దగ్గర పిల్లలను ఒంటరిగా వదలవద్దు.

రెండవ మాట. అప్పు వల్లనో, జబ్బు వల్లనో, ఇంటి గొడవ వల్లనో ఇక చాలు అనిపిస్తున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, చెయ్యెత్తండి. అర్ధరాత్రి అయినా మా తలుపు కొట్టండి. మాతో చెప్పడానికి మొహమాటమైతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు కాదు. అది కూడా ప్రభువు మీ వైపు విసిరిన ఒక పలకే అనుకోండి.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, ఈ రాత్రి ఒడ్డు కనబడనివారికి నీ దీపం కనబడనిమ్ము. ఈదగలవారికి వెనుదిరిగి చూసే మనసు ఇమ్ము. ఈదలేనివారి చేతికి ఒక పలక అందనిమ్ము. మా సంఘంలో ఒక్కరూ తప్పిపోకుండా అందరినీ ఒడ్డు చేర్చుము. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.